అరచేతుల్లో అరికాళ్ళు

మంచం తలవైపు పైకి లేస్తూ కాళ్ళవైపు కిందికి వాలుతుంటే సూరమ్మకి భయమేసింది. జారిపోతున్నానండీ అని మాస్కు లోపలినుంచి గొణిగింది. ఆ మాట బయటికి సరిగ్గా రాలేదు గానీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె గొణుగుడు వింటూ వచ్చిన రాజరత్నానికి అర్థమైంది. గబగబా మంచం కాళ్ళవైపుకి వెళ్ళి, దుప్పటి కిందికి చేతులు పోనిచ్చి, రెండు అరచేతులూ ఆమె రెండు అరికాళ్ళకీ ఆనించి నిలబడ్డాడు. నర్సు నాగదుర్గ మంచం చివర ముందే దిండు పెట్టింది, కానీ సూరమ్మ పొట్టి మనిషి, కాళ్ళు అక్కడిదాకా రావడం లేదు. ఇంకో దిండు తెస్తానని నాగదుర్గ కదలబోతుంటే, "వద్దులే తల్లీ, నేను పట్టుకుంటాను" అన్నాడు. "గంటసేపండీ బాబాయ్ గారూ, నిలబడగలరా?" అందా పిల్ల. "పంటు నడిపేవాణ్ణమ్మా, నిలబడ్డమే నా ఉద్యోగం" అన్నాడు. అని, అన్నందుకు ఆశ్చర్యపోయాడు. ఈ ఐసీయూలోకి వచ్చాక తన గురించి తను చెప్పుకున్న మొదటి మాట అదే. నరసాపురం రేవు, సఖినేటిపల్లి రేవు, మధ్యలో గోదావరి, లారీల్నీ బళ్ళనీ మనుషుల్నీ ఎక్కించుకుని అటూ ఇటూ తిరిగే పంటు, అన్నీ రాజమండ్రిలో ఈ చల్లని గదికి ఎంతో దూరంగా, వేరెవరిదో బతుకులా అనిపించాయి.

గంట. డాక్టరు దుర్గాశ్రీ గారు పెట్టిన గడువు అది. తన కూతురు సారిక కన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో ఆ డాక్టరమ్మ, కళ్ళకింద నల్లగా చారలు, మెడలో స్టెతస్కోపు, మాట మాత్రం నెమ్మది. పొద్దున తలుపు బయటికి పిలిచి చెప్పింది. "పాంక్రియాస్ బాగా వాచిందండీ రాజరత్నం గారూ. గాల్‌బ్లాడర్లో రాయి జారి అడ్డుపడింది. లోపల నీరు చేరింది, పేగులు ఉబ్బాయి. దాంతో కడుపులో ప్రెషర్ పెరిగిపోయి అటు కిడ్నీలని నొక్కుతోంది, ఇటు ఊపిరితిత్తుల్ని నొక్కుతోంది." అతనికి ప్రెషర్ అంటే ఇంజన్లో ఆయిలు ప్రెషర్ తెలుసు, మనిషి కడుపులో కూడా ఉంటుందని, మూత్రం గొట్టంలోంచి కాసిన్ని నీళ్ళు ఎక్కించి దాన్ని కొలుస్తారని తెలీదు. "మరి లేపి కూర్చోబెడితే ఊపిరి ఆడుతుంది కదండీ?" అనడిగాడు. రాత్రంతా ఆమె ఎత్తండి ఎత్తండి అంటుంటే మంచం పక్కనున్న మీట నొక్కి నొక్కి ఎత్తించింది తనే కదా. డాక్టరమ్మ అతని మొహం చూసి పసిగట్టినట్టుంది. "మీ తప్పేం లేదండీ, మామూలుగా మేమే తల ఎత్తి పెడతాం. కానీ ఇప్పుడు నడుం దగ్గర మడత పడితే ఆ కడుపు ఇంకా నొక్కుకుపోతుంది. అందుకని మనిషిని వంచకుండా మంచాన్నే వాలుస్తాం. ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలో ఉన్నది లాగేస్తాం. నొప్పికి మందు పెంచుతాం. గంటాగి మళ్ళీ కొలుద్దాం." తగ్గకపోతే అని అతను అడగలేదు, అయినా ఆమె చెప్పింది, తగ్గకపోతే కడుపు తెరవాలని. తెరిచాక వెంటనే కుట్టరట, వాపు తగ్గేదాకా కొన్నాళ్ళు పైన కప్పి అలా తెరిచే ఉంచుతారట. గాలి కోసం కిటికీ తెరిచి ఉంచుతామన్నంత మామూలుగా చెప్పింది, వైద్యం చేసేవాళ్ళు అలాగే చెప్పాలేమో, వాళ్ళ గొంతు వణికితే వినేవాళ్ళు నిలబడగలరా.

అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. మడమలు పగిలి గరుకుగా ఉన్నాయి, తన చేతులు మాత్రం తక్కువా, తాళ్ళు లాగి లాగి కాయలు కాసినవి, గరుకుకి గరుకు ఆనుకుని కాసేపటికి మెల్లగా వెచ్చబడ్డాయి. అప్పుడు తెలిసింది సూరమ్మకి తన కాళ్ళకింద ఉన్నది దిండు కాదని. కళ్ళు తెరిచింది. కాళ్ళు ముడుచుకోబోయింది. "మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటండీ, అందరూ చూస్తున్నారు" అంది, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ. అందరూ అంటే ఎవరు, ఎదుటి మంచంలో మిషను మీద ఉన్న పెద్దాయనా, కాగితాల మీద అంకెలు రాసుకుంటున్న నాగదుర్గా? "ఏసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడగలేదా, ఊరుకో" అన్నాడు. "మీరు ప్రభువా?" అంది. మాస్కు లోపల పెదాలు కాస్త సాగినట్టు కనిపించాయి. నవ్వేనా? నవ్వితే నొప్పి కదా, నవ్వకు సూరీ, కడుపు కదలనివ్వకు.

ఆ కడుపు కేసి చూడకూడదనుకుంటూనే చూశాడు. దుప్పటి కింద ఎత్తుగా, బిగిసిపోయి. పొద్దున నర్సు దుప్పటి తీసినప్పుడు చర్మం నిగనిగలాడుతూ కనిపించింది. అలాంటి కడుపు ఆమెకి ఇంతకుముందొకసారి చూశాడు, సారిక కడుపులో ఉన్నప్పుడు. ఎడంపక్కకి తిరిగి పడుకోవాలని ఆసుపత్రిలో చెప్పి పంపితే, నిద్రలో ఎక్కడ వెల్లకిలా తిరుగుతుందోనని తన లుంగీలన్నీ చుట్టలు చుట్టి ఆమె వీపు వెనక పేర్చేవాడు, అయినా నమ్మకం చాలక తనే ఆ చుట్టల వెనక పడుకునేవాడు. ఆమె ఊపిరి మారితే లేచేవాడు. కాళ్ళు అప్పుడూ ఇలాగే నీరు పట్టాయి, వేలితో నొక్కితే గుంట పడేది. మీ నాన్న నిన్నూ నన్నూ కలిపి మూట కట్టేశాడే అని సూరమ్మ లోపలున్న బిడ్డకి చెప్పుకుని నవ్వేది. చెయ్యి వేస్తే ఆ కడుపు జవాబు చెప్పేది, ఒక మడమో మోచెయ్యో అరచేతికి వచ్చి తగిలి అటు జారిపోయేది. ఈ కడుపు మీద చెయ్యి వేయడానికి భయం. పొద్దున డాక్టరమ్మ వేళ్ళతో తట్టి చెవి ఒగ్గి విన్నప్పుడు ఏం వినిపించిందో ఆమె చెప్పలేదు.

నొప్పి మొదలైన సాయంత్రం సూరమ్మ వీధరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఆమె కూర్చునే పద్ధతి వీధిలో అందరికీ తెలుసు, గోడకి వీపు ఆనించి, రెండు కాళ్ళూ బార్లా చాపి, దారపుండ దొర్లిపోకుండా పాదాల మధ్య స్టీలు గిన్నెలో పెట్టుకుని. సూది అటూ ఇటూ ఆడుతుంటే గిన్నెలో ఉండ టకటకమని తిరిగేది. పంటు దిగి ఇంటికొచ్చే వేళకి అతనికి ముందు వినపడేది ఆ చప్పుడే. ఆ రోజు వినపడలేదు. వచ్చి చూస్తే కాళ్ళు ముడుచుకుని, దిండొకటి కడుపుకి అదుముకుని, ముందుకి వంగి కూర్చుని ఉంది. గ్యాసండీ అంది. వాము నీళ్ళు కాచి ఇచ్చాడు, వీపు నిమిరాడు, వెనక్కి పడుకోమంటే పడుకోలేనంది, వంగితేనే కాస్త హాయిగా ఉందంది. సరే అలాగే వంగి ఉండు అని ఎదురుగా కూర్చుని తన భుజం ఇచ్చాడు, నుదురు అతని భుజానికి ఆనించి తెల్లారేదాకా అలాగే ఉంది. భుజం తిమ్మిరెక్కింది గానీ ఒక పక్క ఏదో తృప్తి, ఇంత వయసు వచ్చాక ఆమె తన మీద అంతసేపు వాలింది లేదు. ఇప్పుడు తెలిసింది, ఆ నొప్పికి అందరూ అలాగే ముందుకి వంగుతారట, నాగదుర్గ చెప్పింది. హాయి ఒకవైపు లాగుతుంది, బతుకు ఒకవైపు లాగుతుంది. అంబులెన్సులో కూడా పడుకోనని మొండికేసి, వంతెన దాటేదాకా అతని మెడ పట్టుకునే కూర్చుంది.

మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ అతని కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉంది. గొట్టంలో చుక్క. మరగబెట్టిన డికాషన్ రంగులో. అది అంచుకి వచ్చి, సాగి, పడాలా వద్దా అని ఆలోచించుకుని పడుతోంది. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. గోదావరి మీద పుట్టి పెరిగినవాడు, వరద ఎన్ని సార్లు అరుగులెక్కిందో చూసినవాడు, ఇప్పుడు ఒక చుక్క కోసం మెడ చాపి చూస్తున్నాడు. పడు తల్లీ, ఇంకొక్కటి పడు. చుక్కల్ని లెక్కపెట్టబోయి మానేశాడు, లెక్కపెడితే తక్కువ తేలుతుందేమోనని.

మొదటిసారి చూసింది కూడా ఈ పాదాలే. అప్పటికి తను పంటు నడిపే సరంగు కాలేదు, తాళ్ళు విసిరే కుర్రాడు. శనివారం శనివారం సఖినేటిపల్లి వైపునుంచి ఆడపిల్లలు గుంపుగా వచ్చేవాళ్ళు, వారమంతా అల్లిన లేసు నరసాపురంలో అప్పజెప్పడానికి. ఆటు తీసి రేవంతా బురదగా ఉంటే పంటు మీదికి ఎక్కడానికి బల్ల వేసేవాడు. అందరూ చెప్పులతో ఎక్కేవాళ్ళు, ఒక పిల్ల మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాలు నీళ్ళలో జాడించి కడుక్కుని మరీ ఎక్కేది, పంటు తన ఇల్లయినట్టు. ఎందుకమ్మా, ఇదేమన్నా గుడా అన్నాడొకసారి. రోజూ నువ్వే కదా కడిగేది అంది. ఆ మాటకి అతను తల ఎత్తలేకపోయాడు, బల్ల మీద తడి పాదాల గుర్తులు చూస్తూ ఉండిపోయాడు, ఎండకి అవి ఆరిపోయేదాకా. పంటు కడిగేవాడొకడు ఉంటాడని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. తర్వాత లూథరన్ గుళ్ళో పెళ్ళి, పాస్టరు గారు అడిగిన ప్రమాణాలకి గట్టిగా సమాధానం చెప్పమంటే గొంతు రాలేదు, సూరమ్మ మాత్రం గుడి చివరి బెంచీ దాకా వినపడేలా ఒప్పుకుంటున్నానండీ అంది. తర్వాత ఎన్నేళ్ళు వెక్కిరించిందో ఆ సంగతికి.

"ఏవండీ."

"ఉన్నాను."

"కొంచెం ఎత్తండి. నడుం దగ్గర. ఒక్క నిమిషం ముందుకి వంగుతాను."

మీట అతని మోచేతికి అందేంత దూరంలోనే వేలాడుతోంది. రాత్రి ఎన్నిసార్లు నొక్కాడో, ఏ బొమ్మ మీద నొక్కితే ఏ భాగం లేస్తుందో చీకట్లో కూడా తెలుసు. ఒక్క నిమిషం ఎత్తితే ఏమవుతుంది? నాగదుర్గ అటు తిరిగి ఉంది. సూరమ్మ ఏదైనా అడగడమే అరుదు. చీర అడగలేదు, ఊళ్ళు తిప్పమని అడగలేదు, అంతర్వేది తీర్థానికి వెళ్ళొద్దామా అంటే పంటుకి ఆ రోజుల్లోనే కదండీ జనం, మీకు కుదురుతుందా అని తనే వద్దనేది. అలాంటి మనిషి ఇప్పుడు ఒక్క నిమిషం వంగుతానని అడుగుతోంది. వంగితే హాయి. వంగితే లోపల మడత పడి, ఆ బిగిసినదంతా ఇంకా బిగిసి, ఆ ఒక్క చుక్క కూడా ఆగిపోతుంది. తనకి కనపడదు లోపల ఏమవుతోందో, కనపడేది ఆమె మొహం ఒక్కటే, నుదుటి మీద చెమట, చెంపకి అంటుకున్న నెరిసిన వెంట్రుక. "వద్దు సూరీ" అన్నాడు. "నా వల్ల కాదండీ." "నీ వల్లే అవుతుంది. కాసేపు. డాక్టరమ్మ వస్తుంది." "మీకేం తెలుసు నా నొప్పి" అంది, అని మొహం అటు తిప్పేసుకుంది, కంటి చివరినుంచి నీరు చెవిలోకి దిగింది. తుడవాలంటే చేతులు తియ్యాలి. తీస్తే జారతానని భయపడుతుంది. ఏది చెయ్యాలో తెలీక అలాగే నిలబడి, నిజమే నాకేం తెలుసు అనుకున్నాడు, నీ పక్కనే పడుకున్నాను, నీ చేతి కూడు తిన్నాను, నీ నొప్పి మాత్రం ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకున్నావు, కాన్పప్పుడు కూడా తలుపు బయటే నిలబెట్టారు నన్ను. ఈ ఒక్కసారి లోపల నిలబడనిచ్చారు, నిలబడి ఏం చేస్తున్నాను, వద్దు అంటున్నాను.

అప్పుడు ఆమె తన్నింది. గట్టిగానే తన్నింది, రెండు పాదాలతోనూ అతని అరచేతుల్ని నెట్టేసింది, విసుగొచ్చిన మనిషి దుప్పటిని తన్నినట్టు. ఆ ఊపుకి మోచేతులు వెనక్కి పోయాయి. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తన్నింది. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఇంత బలముందా ఇంకా నీలో, తన్ను, తన్నవే తల్లీ, ఇంకా తన్ను. పాదాల వెనక పిక్కలు బిగుసుకోవడం, ఆ వెనక ఎక్కడో ఆమె ప్రాణం గట్టిగా నిలబడి ఉండడం అతని మణికట్లకి తెలిసింది. కాసేపటికి అలిసిపోయింది. పాదాలు మెల్లగా అతని చేతుల్లోకి వాలాయి, బరువంతా వదిలేసి. పెంచిన మందు పనిచేస్తోందో, కోపం చల్లారిందో, ఊపిరి ఇందాకటి కంటే నిదానంగా వస్తోంది. బొటనవేలు అతని మణికట్టు మీద కొంచెం కదిలింది, క్షమించమని కాదు, పోనీలెండి అన్నట్టు. పొయ్యి దగ్గర పోట్లాడుకున్న రోజుల్లో కూడా అంతే, మాటల్లో ఎప్పుడూ రాజీ పడేది కాదు, కంచంలో ఇంకో ముక్క చేప వేసేది.

అతని నడుం లాగుతోంది. పంటు మీదైతే కాళ్ళు అటూ ఇటూ మార్చుకోవచ్చు, పక్కవాడితో మాట్లాడొచ్చు, నీటి వాలు చూసుకుంటూ చక్రం కాస్త తిప్పొచ్చు. ఇక్కడ కదిలితే ఆమె కదులుతుంది. వేళ్ళ చివర్లు ఎప్పుడో మొద్దుబారాయి. ఎదుటి మంచం మీద పెద్దాయన మిషను ఊపిరి తీసి వదులుతోంది, దానికీ సూరమ్మ ఊపిరికీ పోటీ పెట్టి వింటూ, ఎవరో కొబ్బరిచెట్ల సందులో ఈల వేసుకుంటూ వెళ్తున్నట్టు ఆక్సిజన్ చప్పుడు వింటూ, కళ్ళు మూతలు పడుతుంటే బలవంతాన తెరిచి సంచీ కేసి చూశాడు. చుక్క పడింది. వెంటనే ఇంకోటి పడింది. రంగు కూడా తేలిందా? కళ్ళు చిట్లించాడు. తన కళ్ళని తను నమ్మలేదు. కావాలనుకున్నది కనపడడం కళ్ళకి అలవాటే, పొగమంచులో అవతలి రేవు దీపం కనిపించిందని ఎన్నిసార్లు అనుకోలేదూ.

గంట కాగానే దుర్గాశ్రీ గారు వచ్చి, "ఇప్పుడు మంచం చదునుగా చేస్తాం. అలా ఉంచే కొలవాలి. మీరు చేతులు తీసెయ్యొచ్చు" అంది. తియ్యడానికి ధైర్యం కావలసి వచ్చింది. మంచం నెమ్మదిగా మట్టానికి వచ్చింది, సూరమ్మ నిటారుగా, వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని పడుకుంది. అలా ఆమెని ఎప్పుడూ చూడలేదు, ఆమె ముడుచుకుని పడుకునే మనిషి. అలా పడుకోబెట్టిన తన అమ్మ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు, ఇద్దరి ముక్కుల్లో దూదీ గుర్తొచ్చింది. లేదు, ఈమె ఛాతీ కదులుతోంది, చూడు, కదులుతోంది. "అమ్మా, కదలకండి, మాట్లాడకండి, ఊపిరి పూర్తిగా వదలండి" అంటోంది నాగదుర్గ, గొట్టానికి ఏదో తగిలించి. సూరమ్మ ఊపిరి వదిలింది. గదిలో ఉన్న అందరూ వదిలారనిపించింది, అతను మాత్రం బిగపట్టాడు. డాక్టరమ్మ స్క్రీను కేసి చూసింది, మళ్ళీ కొలవమంది. మళ్ళీ కొలిచారు.

"ప్రెషర్ ఇరవై రెండు ఉండేదండీ. పదహారుకి దిగింది" అంది. తర్వాత సంచీ పైకెత్తి చూసింది. "యూరిన్ కూడా వస్తోంది. ఇప్పటికి ఆపరేషన్ వద్దు. సాయంత్రం మళ్ళీ చూద్దాం. ఇంకా జాగ్రత్తగా ఉండాలండీ, పూర్తిగా బయటపడ్డట్టు కాదు. కానీ ఇది మంచి మాటే." మంచి మాట అన్నప్పుడు ఆమె గొంతు కూడా కాస్త వణికింది. అది విని రాజరత్నం మంచం రెయిలింగు పట్టుకోబోతే వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోలేదు. నాగదుర్గ మంచాన్ని మళ్ళీ ముందటిలా వాల్చి, ఇంకో రెండు దిండ్లు తెచ్చి సూరమ్మ పాదాల కింద సరిచేసింది. సూరమ్మ నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. "వెళ్ళి ఏదన్నా తాగి రండి బాబాయ్ గారూ, నేనున్నాను కదా" అంది ఆ పిల్ల.

బయట బెంచీ మీద సారిక ఉంది. తండ్రిని చూసి లేచింది గానీ దగ్గరికి రాలేకపోయింది, మొహంలో ఏముందో చదివాకే అడుగెయ్యాలని అక్కడే ఆగిపోయింది. చేతిలో టీ గ్లాసు, తన కోసం తెచ్చుకుని తాగలేక పట్టుకు కూర్చున్నది. "నాన్నా" అంది. అతను నోరు తెరిచాడు, పెళ్ళినాడు గుళ్ళో రానట్టే గొంతు రాలేదు. తలూపాడు. అది సరిపోయింది. సారిక మొహమంతా ఒక్కసారిగా నలిగి, వెంటనే సర్దుకుంది. "ముందు ఇది తాగండి, పొద్దుటినుంచి ఏం తినలేదు" అని గ్లాసు అతని చేతిలో పెట్టింది. వేళ్ళు పట్టుకోలేదు. గ్లాసు జారబోయి టీ కాస్త తొణికింది, సారిక చటుక్కున కింద చెయ్యి పెట్టింది. "చేతులకేమైంది నాన్నా?" అని అతని అరచేతులు తిప్పి చూసింది. ఎర్రగా కందిపోయి, మడమలు ఆనినంత మేర గుంటలు పడి ఉన్నాయి. ఎలా పడ్డాయో చెప్పాలనుకున్నాడు. మీ అమ్మ తన్నిందే అని చెప్పాలనుకున్నాడు. సారిక అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, చున్నీ అంచుతో గ్లాసు అడుగు తుడిచి, దాన్ని అతని పెదాలకి అందించింది. టీ చల్లారిపోయింది, పంచదార ఎక్కువైంది. కూతురి చేతి మీదుగా, ఒక్కో గుక్కా ఆగి ఆగి, అడుగుదాకా తాగాడు.